బల్లకి అటూ ఇటూ: సైకాలజీ చదువులో పని, హక్కులు

(సైకాలజీ విద్యార్థినులు, స్వచ్ఛంద సంస్థల కార్యకర్తలు కలిసి పాల్గొన్న ఒక వర్క్‌షాపులో చేసిన ప్రసంగ పాఠం)



ఈ గదిలో ఇవాళ రెండు రకాల వాళ్ళున్నారు. సైకాలజీలో ఎం.ఏ., ఎం.ఎస్సీ. చదువుతూ ఆసుపత్రుల్లోనో, కౌన్సెలింగ్ కేంద్రాల్లోనో, స్కూళ్ళలోనో పని నేర్చుకుంటున్న విద్యార్థినులు ఒకవైపు. ఆ విద్యార్థినుల్ని తమ దగ్గర పెట్టుకుంటున్న సంస్థల కార్యకర్తలు మరోవైపు. మూడో రకం వాళ్ళు కూడా ఉండాల్సింది కానీ రాలేదు. ఆ విద్యార్థినుల ముందు కూర్చుని తమ కష్టం చెప్పుకునే స్త్రీలు. వాళ్ళు లేకుండా ఈ చదువే లేదు. అందుకని వాళ్ళు కూడా ఇక్కడే ఉన్నారనుకుని మాట్లాడతాను.

నేను సైకాలజిస్టుని కాను, నా చదువు సోషియాలజీ. మనసు ఎలా పనిచేస్తుందో చెప్పే అర్హత నాకు లేదు. మనసు గురించిన చదువు ఏ పరిస్థితుల్లో సాగుతోంది, అందులో పని ఎవరు చేస్తున్నారు, ఎవరి మీద చేస్తున్నారు, ఎవరి లాభానికి చేస్తున్నారు అన్నవి మాత్రం మా శాస్త్రం అడగాల్సిన ప్రశ్నలే. కొంతకాలంగా విద్యార్థినులతోనూ, సంస్థల వాళ్ళతోనూ మాట్లాడుతూ నాకు అర్థమైన విషయాలు మీ ముందు పెడతాను.

ముందు ఒక మాట గురించి స్పష్టత కావాలి. మన కాలేజీల్లో 'ప్లేస్‌మెంట్' అంటే ఉద్యోగం వచ్చిందని అర్థం. నేను మాట్లాడేది ఆ ప్లేస్‌మెంట్ గురించి కాదు. కోర్సులో భాగంగా, మార్కుల కోసం, క్రెడిట్ల కోసం ఒక సంస్థకి వెళ్ళి పనిచేయడం గురించి. కొన్ని యూనివర్సిటీల్లో దీన్ని ఫీల్డ్‌వర్క్ అంటారు, కొన్నిచోట్ల ప్రాక్టికమ్ అంటారు, ఎక్కువచోట్ల ఇంటర్న్‌షిప్ అంటారు. పేరేదైనా జరిగేది పనే. ఈ సంగతి ఒప్పుకోకపోవడం దగ్గరే మన సమస్య మొదలవుతుంది.

ఎవరు చదువుతున్నారు, ఎందుకు చదువుతున్నారు

ఏ సైకాలజీ క్లాసులోకి వెళ్ళినా మగపిల్లలు కొద్దిమందే కనిపిస్తారు. ఆడపిల్లలు ఈ చదువు ఎందుకు ఎంచుకుంటున్నారని అడిగితే రకరకాల సమాధానాలు వస్తాయి. ఇష్టం ఉంది, ఆసక్తి ఉంది, అది నిజమే. దాంతోపాటు ఇంట్లోవాళ్ళు ఒప్పుకోవడానికి చెప్పే కారణాలు వేరే ఉంటాయి. 'పెళ్ళయ్యాక ఇంట్లోనే కూర్చుని కౌన్సెలింగ్ చేసుకోవచ్చు.' 'ఆడపిల్లకి ఓర్పెక్కువ, నలుగురి బాధలూ వింటుంది.' 'రేపు పిల్లల్ని పెంచడానికైనా పనికొస్తుంది.' అంటే ఈ చదువుని వృత్తిగా కాక, ఆడదాని స్వభావానికి కాస్త మెరుగు పెట్టడంగా చూస్తున్నారన్నమాట.

అమెరికన్ సోషియాలజిస్టు ఆర్లీ హాక్‌షీల్డ్ 1983లో విమానాల్లో పనిచేసే ఎయిర్‌హోస్టెస్‌ల మీద రాసిన పుస్తకంలో భావోద్వేగ శ్రమ అనే ఊహని ముందుకు తెచ్చింది. మన కోపాన్నీ విసుగునీ అణచుకుని ఎదుటివాళ్ళకి ఊరట కలిగేలా మొహం పెట్టుకోవడం కూడా శ్రమేననీ, దాన్ని కంపెనీలు కొనుక్కుంటున్నాయనీ ఆమె చెప్పింది. మన ఇళ్ళల్లో ఈ శ్రమకి శ్రమ అన్న పేరే లేదు. అలిగిన అత్తగారిని బుజ్జగించడం, తాగొచ్చిన మనిషి ముందు పిల్లలు నోరెత్తకుండా చూసుకోవడం, చుట్టాల ముందు నవ్వుతూ తిరగడం ఇవన్నీ ఆడవాళ్ళు పుట్టుకతో చేయగలిగినవని అనుకుంటారు. పుట్టుకతో వచ్చినదానికి జీతం ఎవరిస్తారు? ఇంట్లో ఉన్న ఈ లెక్కే సైకాలజీ విద్యార్థిని ఇంటర్న్‌షిప్‌కి వెళ్ళిన ఆసుపత్రిలోనూ, సంస్థలోనూ అమలవుతోంది.

చదువా, పనా?

యు.జి.సి. 2022లో ఇచ్చిన డిగ్రీ కోర్సుల చట్రంలో ఇంటర్న్‌షిప్‌కి 2 నుంచి 4 క్రెడిట్లు కేటాయించింది. ఒక క్రెడిట్ అంటే 30 గంటలు, నాలుగు క్రెడిట్లకి 120 గంటలు. ఆంధ్రప్రదేశ్‌లో 2020-21లో మార్చిన డిగ్రీ పాఠ్యప్రణాళిక ఏకంగా 10 నెలల ఇంటర్న్‌షిప్‌ని చేర్చింది. క్లినికల్ సైకాలజిస్టు కావాలంటే దారి ఇంకా పొడుగు. 1992 నాటి రిహాబిలిటేషన్ కౌన్సిల్ చట్టం కింద రిజిస్టర్ అయితేనే ఆ పేరు పెట్టుకుని పనిచేయాలి. దానికోసం ఇన్నాళ్ళూ రెండేళ్ళ ఎం.ఫిల్. ఉంటూ వచ్చింది. ఎం.ఫిల్. డిగ్రీనే ఎత్తేస్తూ యు.జి.సి. 2022లో నిబంధనలు తెచ్చి, క్లినికల్ సైకాలజీకి మాత్రం 2025-26 దాకా గడువు పొడిగించింది. కోర్సుల పేర్లు మారొచ్చు గానీ, రోగుల మధ్య గడిపిన గంటలు లేకుండా ఈ వృత్తిలోకి దారి లేదు. అలా ఉండటం మంచిదే కూడా. పుస్తకం చదివి ఈత నేర్చుకోలేం కదా.

ఆ గంటల్లో ఏం జరుగుతోందన్నది అసలు ప్రశ్న. నాతో మాట్లాడిన అమ్మాయిలు చెప్పిన పనులు వినండి. ఓ.పి.లో వరసగా నలభై మంది పేర్లు, వయసులు, వివరాలు రాసుకోవడం. పరీక్షల స్కోర్లు లెక్కకట్టడం. రిపోర్టులు టైపు చేయడం. ఫోన్లు ఎత్తడం. ఏడుస్తున్న తల్లిని బయట కూర్చోబెట్టి మంచినీళ్ళివ్వడం. సీనియర్ రాని రోజున ఆ కుర్చీలో కూర్చోవడం. ఇందులో కొంత నేర్చుకోవడం ఉంది. ఎక్కువ భాగం మాత్రం ఆ అమ్మాయి లేకపోతే ఆ సంస్థ ఒక మనిషిని జీతం ఇచ్చి పెట్టుకోవాల్సిన పని.

ఇదే ఆసుపత్రుల్లో ఎం.బి.బి.ఎస్. పూర్తిచేసి హౌస్ సర్జన్లుగా పనిచేసేవాళ్ళకి స్టైపెండ్ ఉంటుంది. అది ఆలస్యమైతే వాళ్ళు ధర్నా చేస్తారు, పేపర్లలో వార్త వస్తుంది. సైకాలజీ విద్యార్థినికి చాలాచోట్ల స్టైపెండ్ లేదు. పైగా కొన్ని ప్రైవేటు క్లినిక్కులు నెలరోజులు రానిచ్చి సర్టిఫికెట్ ఇచ్చినందుకు తిరిగి విద్యార్థిని దగ్గరే డబ్బు తీసుకుంటున్నాయి. పని మనమే చేసి, డబ్బు కూడా మనమే కట్టడం అన్నమాట. కట్నం వ్యవస్థని చూసినవాళ్ళకి ఇందులో కొత్తేమీ కనిపించదు.

మీకొక విచిత్రం చెప్తాను. 2017లో వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 20వ సెక్షన్ ప్రకారం, మానసిక చికిత్సా కేంద్రంలో ఉన్న రోగి చేత బలవంతంగా పని చేయించకూడదు, పని చేస్తే తగిన ప్రతిఫలం ఇవ్వాలి. ఇది గొప్ప హక్కు. ఒకప్పుడు పిచ్చాసుపత్రుల్లో రోగుల చేత ఉత్తినే చాకిరీ చేయించిన చరిత్ర నుంచి వచ్చిన హక్కు. అయితే అదే వార్డులో, ఆ రోగి పక్కనే నిలబడి రోజంతా పనిచేసే విద్యార్థినికి ప్రతిఫలం గురించి ఇంత స్పష్టంగా చెప్పిన మాట లేదు.

జీతం లేని పని అందరినీ ఒకేలా బాధించదు. సిటీలో సొంత ఇల్లుండి, మధ్యాహ్నానికి క్యారియర్ కట్టిచ్చే తల్లి ఉన్న అమ్మాయికి రెండు నెలల ఇంటర్న్‌షిప్ ఒక అనుభవం. నారాయణపేట నుంచో పాడేరు నుంచో వచ్చి సాంఘిక సంక్షేమ హాస్టల్లో ఉంటూ, సాయంత్రాలు ట్యూషన్లు చెప్పుకుంటున్న దళిత, ఆదివాసీ అమ్మాయికి అది అప్పు. తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్ళకి ఆర్టీసీ బస్సుల్లో ఉచిత ప్రయాణం రావడం ఈ అమ్మాయిలకి నిజంగా పెద్ద ఊరట. బస్సు ఛార్జీ మిగిలినా హాస్టల్ మెస్ బిల్లు, పోయిన ట్యూషన్ డబ్బులు ఉంటాయి కదా. మంచి ఆసుపత్రిలో మంచి సూపర్‌వైజర్ దగ్గర పని నేర్చుకునే అవకాశం ఉచితంగా పనిచేయగలిగిన వాళ్ళకే దొరుకుతుంటే, రేపు కౌన్సెలర్ల కుర్చీల్లో ఎవరుంటారు? అవతల కూర్చున్న స్త్రీ కూలికి వెళ్ళే మనిషి అయినప్పుడు ఆమె బతుకు తెలిసినవాళ్ళు ఇవతల ఉండే అవకాశం ఎంత? ఇది కేవలం విద్యార్థినుల స్టైపెండ్ సమస్య కాదు. ఏ కులం, ఏ వర్గం స్త్రీలకి ఎలాంటి వైద్యం అందుతుందన్న సమస్య.

భద్రత ఎవరి బాధ్యత?

రెండో విషయం లైంగిక వేధింపులు. ఇంటర్న్ పరిస్థితి చాలా బలహీనమైంది. ఆమె ఉద్యోగి కాదు, ఆ ప్రాంగణంలో విద్యార్థిని కూడా కాదు. చేతిలో అపాయింట్‌మెంట్ లెటర్ ఉండదు. చివర్న రావాల్సిన సర్టిఫికెట్ మాత్రం పైవాడి చేతిలో ఉంటుంది. 'రాత్రి ఏడింటికి రా, కేసు డిస్కస్ చేద్దాం' అంటే కాదనడం ఎంత కష్టమో ఇక్కడున్న చాలామందికి చెప్పక్కర్లేదు. కాలేజీలో చెబితే 'అది బయట జరిగింది, మాకు సంబంధం లేదు' అంటారు. ఆసుపత్రిలో చెబితే 'ఆమె మా స్టాఫ్ కాదు' అంటారు. మధ్యలో ఆ పిల్ల సర్టిఫికెట్ కోసం నోరు మూసుకుంటుంది.

ఈ రెండు మాటలూ చట్టప్రకారం తప్పు. ఇది మీరు గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. రాజస్థాన్‌లో భన్వరీ దేవి మీద 1992లో జరిగిన అత్యాచారం నేపథ్యంలో మహిళా సంఘాలు కోర్టుకి వెళితే, 1997లో సుప్రీంకోర్టు విశాఖ తీర్పు ఇచ్చింది. ఆ తీర్పు పునాది మీద 2013లో చట్టం వచ్చింది. ఆ చట్టంలో 'ఉద్యోగి' అన్న మాటకి ఇచ్చిన నిర్వచనంలో జీతం ఉన్నా లేకపోయినా పనిచేసేవాళ్ళు, స్వచ్ఛందంగా చేసేవాళ్ళు, ట్రైనీలు, అప్రెంటిస్‌లు అందరూ ఉన్నారు. పని ప్రదేశం అన్న మాటలో ఆసుపత్రులు, నర్సింగ్‌హోములు, ట్రస్టులు, సొసైటీలు, స్వచ్ఛంద సంస్థలు ఉన్నాయి. పదిమంది లేదా అంతకన్నా ఎక్కువమంది పనిచేసే ప్రతిచోటా అంతర్గత కమిటీ ఉండాలి. పదిమంది కన్నా తక్కువున్న చిన్న క్లినిక్ అయితే జిల్లా స్థాయిలో ఉండే స్థానిక కమిటీకి ఫిర్యాదు చేయొచ్చు. ఘటన జరిగిన మూడు నెలల్లోగా రాతపూర్వకంగా ఇవ్వాలి. తగిన కారణం ఉంటే మరో మూడు నెలలు పొడిగించే అధికారం కమిటీకి ఉంది.

ఇక కాలేజీ సంగతి. 2015లో యు.జి.సి. తెచ్చిన నిబంధనల్లో క్యాంపస్ అంటే కాలేజీ ప్రహరీ గోడ లోపలి స్థలం మాత్రమే కాదు. ఫీల్డ్ ట్రిప్పులు, ఇంటర్న్‌షిప్‌లు, స్టడీ టూర్లు జరిగే చోట్లు కూడా దాని పరిధిలోకి వస్తాయని స్పష్టంగా రాసి ఉంది. విద్యార్థినులకి సంబంధించిన ఫిర్యాదు అయితే ఆ కమిటీలో ఎన్నికైన విద్యార్థి ప్రతినిధులు కూడా ఉండాలి. కాబట్టి 'అది బయట జరిగింది' అనే హక్కు ఏ ప్రిన్సిపాల్‌కీ లేదు. ఇంటర్న్‌షిప్‌కి వెళ్ళిన మొదటిరోజునే అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. మీ కమిటీ ఎక్కడుంది, సభ్యులెవరు, పేర్లు గోడ మీద ఉన్నాయా? ఈ ప్రశ్న విద్యార్థిని ఒంటరిగా అడగలేదు. డిపార్ట్‌మెంటు అడగాలి, అడిగి జవాబు కాగితం మీద తెచ్చుకున్నాకే పిల్లల్ని పంపాలి.

బల్లకి అవతలి స్త్రీ

ఇంతవరకూ విద్యార్థిని హక్కుల గురించి చెప్పాను. ఇక్కడితో ఆపేస్తే సగమే చెప్పినట్టు. ఎందుకంటే ఆ విద్యార్థిని చేతిలో కలం ఉంది, ఫైలు ఉంది. ఆమె రాసే నాలుగు వాక్యాలు అవతలి స్త్రీ జీవితంలో చాలాకాలం ఉండిపోతాయి.

మన ఆడవాళ్ళు కౌన్సెలర్ దగ్గరకొచ్చి 'నాకు డిప్రెషన్' అనరు. తల భారంగా ఉందంటారు. గుండె దడ, ఒళ్ళంతా మంటలు, నరాల బలహీనత అంటారు. ఏమీ తోచట్లేదు, అన్నం దిగట్లేదు, బెంగగా ఉందంటారు. గాలి సోకిందని తాయెత్తు కట్టించుకుని మరీ వస్తారు. విద్యార్థిని చదివిన పుస్తకాలన్నీ ఇంగ్లీషులో ఉంటాయి, ఫైలు కూడా ఇంగ్లీషులోనే రాయాలి. దాంతో 'మూడేళ్ళుగా మా ఆయన కొడతన్నాడమ్మా, రాత్రిళ్ళు నిద్ర పట్టదు' అన్న మాట ఫైల్లోకి వచ్చేసరికి 'అడ్జస్ట్‌మెంట్ ప్రాబ్లం, స్లీప్ డిస్టర్బెన్స్' అయిపోతుంది. ఒక వాక్యంలో ఉన్న కొట్టేవాడు ఇంకో భాషలోకి వెళ్ళేసరికి మాయమైపోయాడు. మిగిలింది నిద్ర పట్టని స్త్రీ. నిద్ర పట్టకపోవడానికి మాత్ర ఉంది. కొట్టడానికి చట్టం ఉంది, కానీ ఫైల్లో కొట్టడమే లేదు.

ఇది ఒక్కొక్క విద్యార్థిని తప్పు కాదు, శాస్త్రం లోపలే ఉన్న చూపు. 1970లో ఇంజ్ బ్రోవర్‌మన్, ఆమె సహచరులు అమెరికాలో 79 మంది సైకాలజిస్టుల్నీ, సైకియాట్రిస్టుల్నీ, సోషల్ వర్కర్లనీ ఒక ప్రశ్న అడిగారు. ఆరోగ్యవంతుడైన మగవాడు ఎలా ఉంటాడు, ఆరోగ్యవంతురాలైన స్త్రీ ఎలా ఉంటుంది, ఆడామగా అని చెప్పకుండా ఆరోగ్యవంతమైన మనిషి ఎలా ఉంటుంది? వాళ్ళు చెప్పిన ఆరోగ్యవంతమైన మనిషి, ఆరోగ్యవంతమైన మగవాడు దాదాపు ఒకటే. స్త్రీ మాత్రం వేరు. ఎక్కువ లొంగి ఉండేది, తేలిగ్గా నొచ్చుకునేది. అంటే మంచి ఆడదిగా ఉంటే మనిషిగా ఆరోగ్యం తక్కువ, మనిషిగా ఆరోగ్యంగా ఉంటే ఆడదిగా లోపం. ఎటు తిరిగినా జబ్బే. ఈ జవాబులిచ్చిన వాళ్ళలో స్త్రీలు కూడా ఉన్నారన్నది మనం మర్చిపోకూడదు. ఆ కుర్చీలో ఆడది కూర్చున్నంత మాత్రాన చూపు మారదు.

మన చట్టం ఈ విషయంలో పుస్తకాల కన్నా ముందుంది. 2017 చట్టం మూడో సెక్షన్ ఏమంటుందంటే, ఒక మనిషి సమాజంలో చెల్లుబాటయ్యే నైతిక, సాంఘిక, సాంస్కృతిక విలువలకి భిన్నంగా ఉన్నంత మాత్రాన ఆ కారణంతో మానసిక వ్యాధి ఉందని నిర్ణయించకూడదు. కులాంతర ప్రేమ అన్నందుకు 'పిచ్చిపట్టింది' అని డాక్టర్ దగ్గరికి లాక్కొచ్చే తల్లిదండ్రులకి, కాపురం చేయనన్నందుకు 'మెంటల్' అని సర్టిఫికెట్ కావాలనే భర్తలకి చెప్పాల్సిన మాట ఇది. విద్యార్థినికి ఈ సెక్షన్ మొదటి వారమే చెప్పాలి.

గృహహింస కేసుల్లో కౌన్సెలింగ్ గురించి కూడా ఒక నియమం ఉంది. 2005 చట్టం కింద 2006లో వచ్చిన రూల్స్‌లో 14వ రూల్. మెజిస్ట్రేటు ఆదేశించిన కౌన్సెలింగ్‌లో, తను చేసిన హింసని భర్త సమర్థించుకోవడానికి వీల్లేదు. 'అన్నం మాడ్చింది కాబట్టి కొట్టాను' అన్న వాదన ఆ గదిలో చెల్లదు. ఆ సంగతి ముందే అతనికి చెప్పి కూర్చోబెట్టాలి. ఎన్ని కౌన్సెలింగ్ గదుల్లో ఈ రూల్ అమలవుతోందో మీరే చెప్పండి. మన ఊళ్ళలో కౌన్సెలింగ్ అంటే ఇప్పటికీ పెద్దమనుషుల పంచాయితీకి కొత్త పేరు. 'నువ్వు కాస్త సర్దుకుపోమ్మా' అన్న మాటకి ఫీజు, ఫైలు నెంబరు వచ్చాయంతే.

ఒక అమ్మాయి నాతో చెప్పిన సంగతి ఇది. ఊరు, సంస్థ పేరు చెప్పను. ఒక కుటుంబ సలహా కేంద్రంలో ఆమెకి రెండో వారం. సీనియర్ మీటింగుకి వెళ్తూ 'ఆ కేసు నువ్వు చూసుకో, కాంప్రమైజ్ రాయించు' అని చెప్పి వెళ్ళారు. వచ్చినావిడ అన్నతో వచ్చింది. మాట్లాడినంతసేపూ అన్నే మాట్లాడాడు. ఈ అమ్మాయి అన్నని బయట కూర్చోమంది. తర్వాత ఆవిడతో, 'అమ్మా, నేను ఇంకా చదువుకుంటున్నాను, నేను నిర్ణయాలు చెప్పేదాన్ని కాదు, మీరు చెప్పింది చెప్పినట్టు రాస్తాను' అంది. ఆవిడ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత చెప్పింది, 'నాకు ఆ ఇంటికి పోవాలని లేదు. మా అన్నకి నన్ను పెట్టుకోవాలని లేదు.' ఈ అమ్మాయి ఆ రెండు వాక్యాలూ తెలుగులోనే రాసింది. కాంప్రమైజ్ అన్న మాట రాయలేదు. తిరిగొచ్చిన సీనియర్‌కి కోపం వచ్చింది. ఆ నెల గంటల సర్టిఫికెట్ మీద సంతకం ఇరవై రోజులు ఆగింది.

ఈ సంగతిలో రెండు హక్కులూ ఎలా ముడిపడి ఉన్నాయో చూడండి. రెండో వారం విద్యార్థినిని ఒంటరిగా వదిలేయడం ఆమె మీద అన్యాయం, వచ్చిన స్త్రీ మీద అంతకన్నా పెద్ద అన్యాయం. సర్టిఫికెట్ కోసం భయపడి ఆ అమ్మాయి చెప్పినట్టు రాసి ఉంటే, ఆ స్త్రీ తన ఇష్టంతోనే తిరిగి కాపురానికి వెళ్తోందని ఫైలు సాక్ష్యం చెప్పేది. విద్యార్థినికి రక్షణ లేనిచోట, ఆమె ముందు కూర్చున్న స్త్రీకి రక్షణ ఉండదు. నేను ఇవాళ చెప్పదలచుకున్న మాట ఇదొక్కటే.

మరో ముఖ్యమైన సంగతి రహస్యం. తన జబ్బు, చికిత్స వివరాలు గోప్యంగా ఉంచుకునే హక్కుని 2017 చట్టం 23వ సెక్షన్ ఇచ్చింది. విద్యార్థులకి మాత్రం కేసు రికార్డులు రాసి క్లాసులో చదవడం పరీక్షలో భాగం. పేరు మార్చినా ఊరు, కులం, భర్త ఉద్యోగం, పిల్లల సంఖ్య ఉన్నదున్నట్టు రాస్తే చిన్న ఊళ్ళలో ఎవరో తెలిసిపోతుంది. మీ ఇంటర్న్‌షిప్ రికార్డు ఆమె జీవితమని మర్చిపోకండి. ఆమెని అడగండి. 'ఇది నా చదువు కోసం రాసుకోవచ్చా?' అని అడిగితే వద్దనే హక్కు ఆమెకుంది. వద్దన్నందుకు ఆమెకి అందే సహాయం తగ్గకూడదు.

మన సంస్థల సంగతి

ఇప్పుడు ఇక్కడున్న కార్యకర్త మిత్రులతో కాస్త నిష్ఠూరంగా మాట్లాడాలి. ఆసుపత్రుల్ని, యూనివర్సిటీల్ని విమర్శించడం మనకి అలవాటే. మన స్త్రీల సంస్థల్లో ఏం జరుగుతోంది? ఇంటర్న్ వచ్చిందంటే చాలు, ఆగిపోయిన రిపోర్టు, డేటా ఎంట్రీ, ఫండింగ్ ఏజెన్సీకి పంపాల్సిన అనువాదం గుర్తొస్తాయి. స్త్రీల ఇంటిచాకిరీకి విలువ కట్టాలని పోస్టర్లు వేసే మనం, మన ఆఫీసులో ఒక ఆడపిల్ల మూడు నెలలు ఉత్తినే పనిచేస్తుంటే 'అనుభవం వస్తుంది కదా' అంటాం. మనకి డబ్బులు లేవు, ఆ మాట నిజమే. కానీ డబ్బు లేనప్పుడు ఇవ్వగలిగినవి కూడా ఉన్నాయి. బస్సు ఛార్జీ, మధ్యాహ్న భోజనం, వారానికి ఒక గంట పక్కన కూర్చుని మాట్లాడే మనిషి. వచ్చే ప్రాజెక్టు బడ్జెట్‌లో ఇంటర్న్ స్టైపెండ్ అని ఒక వరస రాయడానికి మనల్ని ఎవరూ ఆపలేదు.

ఆ ఒక గంట సంగతి చిన్నది కాదు. రోజంతా హింస గురించి వినే ఇరవై రెండేళ్ళ పిల్ల రాత్రి హాస్టల్‌కి వెళ్ళి ఏం చేస్తుంది? విన్నదాంట్లో కొంత తన ఇంట్లో చూసిందే అయి ఉండొచ్చు. మనకి తెలియకుండానే చాలామంది ఆ కారణంతోనే ఈ చదువులోకి వస్తారు. ఆ బరువు దింపుకునే చోటు పని చేసేచోటే ఉండాలి. సూపర్‌విజన్ అంటే తప్పులు పట్టడం కాదు, తోడు ఉండటం.

మరోవైపు విద్యార్థినులు కూడా ఒక హద్దు పాటించాలి. రిజిస్ట్రేషన్ లేకుండా క్లినికల్ సైకాలజిస్టుగా ప్రాక్టీసు చేయడం 1992 చట్టం కింద శిక్షార్హం. ఏడాది దాకా జైలు, వెయ్యి రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. చట్టం భయం కన్నా పెద్ద విషయం నిజాయితీ. ఎదురుగా కూర్చున్న స్త్రీ మిమ్మల్ని 'డాక్టరమ్మా' అని పిలుస్తుంది. పిలిపించుకోకండి. 'నేను విద్యార్థినిని' అని మొదటి నిమిషంలోనే చెప్పండి. విద్యార్థినితో మాట్లాడనని ఆమె అంటే నొచ్చుకోకండి. అది ఆమె హక్కు.

కాగితం మీద పెడదాం

మంచి మనసున్న సూపర్‌వైజర్ దొరకడం అదృష్టం. హక్కులు అదృష్టం మీద ఆధారపడకూడదు. అందుకే ఇంటర్న్‌షిప్‌కి ముందు యూనివర్సిటీ, సంస్థ, విద్యార్థిని ముగ్గురూ సంతకం పెట్టే ఒక ఒప్పందం ఉండాలని నా ప్రతిపాదన. రెండు పేజీలు చాలు. తెలుగులో ఉండాలి. అందులో ఈ విషయాలుండాలి.

ఒకటి, రోజుకి ఎన్ని గంటలు, ఏ పనులు, ఏ పనులు చేయించకూడదు. రెండు, స్టైపెండ్ ఎంత, అది లేనిచోట కనీసం దారి ఖర్చు, భోజనం. విద్యార్థిని దగ్గర డబ్బు తీసుకునే సంస్థకి ఎవరినీ పంపకూడదు. మూడు, సూపర్‌వైజర్ పేరు, అర్హత, వారంలో ఆమెతో కూర్చునే సమయం. నాలుగు, గృహహింస, ఆత్మహత్యా ప్రయత్నం, పిల్లల మీద లైంగిక హింస వంటి కేసుల్లో విద్యార్థిని ఒంటరిగా ఉండకూడదు. ఐదు, లైంగిక వేధింపుల కమిటీ సభ్యుల పేర్లు, ఫోన్ నెంబర్లు. ఆరు, గంటల సర్టిఫికెట్‌ని శిక్షగా వాడకూడదు. ఫిర్యాదు చేసిన విద్యార్థినికి వేరేచోట గంటలు పూర్తిచేసుకునే ఏర్పాటు డిపార్ట్‌మెంటు చేయాలి. ఏడు, వచ్చే స్త్రీకి తన ఎదురుగా ఉన్నది విద్యార్థిని అని తెలియాలి, వద్దనే హక్కు ఉండాలి, ఆమె మాట ఆమె భాషలోనే ఫైల్లోకి ఎక్కాలి.

వీటిలో అసాధ్యమైంది ఏదీ లేదు. కొన్ని ఇప్పటికే చట్టంలో ఉన్నవే, వాటిని ఒక్కచోట రాసుకోవడమే మన పని. మధ్యాహ్నం చర్చలో గ్రూపులుగా కూర్చున్నప్పుడు ప్రతి గ్రూపులోనూ విద్యార్థినులు, సంస్థల వాళ్ళు కలిసి ఉండండి. సాయంత్రానికి ఒక ముసాయిదా తయారైతే మీ మీ డిపార్ట్‌మెంట్లకి పట్టుకెళ్ళొచ్చు. ఒక్క కాలేజీ ఒప్పుకున్నా రెండో కాలేజీని అడగడం తేలికవుతుంది. సంస్థలు కాలేజీల కోసం ఎదురుచూడక్కర్లేదు. వచ్చే నెల మీ దగ్గరకి రాబోయే ఇంటర్న్‌తోనే మొదలుపెట్టండి.

మనసు బాగుచేసే వృత్తి ఎవరి కష్టాన్నీ దోచుకుని నిలబడకూడదు. బల్లకి ఇటు కూర్చున్న అమ్మాయి భయం లేకుండా రాయగలిగినరోజే, అటు కూర్చున్న అమ్మ భయం లేకుండా మాట్లాడగలుగుతుంది.  మీ ప్రశ్నల కోసం ఎదురుచూస్తున్నాను.